ముప్పై ఆరు ముక్కల బొమ్మ

కొత్త డ్రాయింగు మాస్టారు నాకు మొదటి రోజే నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో కారణాలు తర్వాత దొరికాయి. ముందు నచ్చకపోవడం, ఆ తర్వాత కారణాలు వెతుక్కోవడం నా పద్ధతి. మా అత్తగారు ఈ సంగతి నా పెళ్ళైన ఏడాదికే కనిపెట్టారు. "మా కోడలు కూర బాగుంటే బాగుందనదు, ఎవరు వండారని అడుగుతుంది" అని చుట్టాలందరికీ చెప్పేవారు.

నేను లెక్కల టీచర్ని. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకమని స్టాఫ్ రూములో నా గురించి అనుకుంటారని నాకు తెలుసు. లెక్కలు చెప్పేదాన్ని, లెక్కపెట్టక ఏం చేస్తాను. పరీక్ష హాల్లో నేను ఉంటే పిల్లలు తుమ్మడానికి కూడా పర్మిషన్ అడుగుతారు. తుమ్ములో కూడా ఒకటో జవాబు, రెండో జవాబు ఉంటాయని నేను ఒకసారి పట్టుకున్నాను మరి.

హెడ్మిస్ట్రెస్ గారు నన్ను పిలిచి విషయం చెప్పారు. "ఆయన్ని మూడు నెలలు చూద్దామని తీసుకున్నాం. మీరు సీనియర్ కదా, వెనక బెంచీలో కూర్చుని ఆయన పాఠం గమనించండి. మీ రిపోర్టు బాగుంటే ఉంచేద్దాం. బాగా లేకపోతే డ్రాయింగ్ తీసేసి ఆ పీరియడ్లు లెక్కలకి ఇచ్చేస్తాను."

అంటే ఆయన పోతే వారానికి రెండు పీరియడ్లు నాకు వస్తాయి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నేను చేసిన పనికి అది కారణం కాదని అప్పుడు అనుకున్నాను, ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

ఆయన అంతకుముందు గోడల మీద ప్రకటనలు రాసే పెయింటరు. సబ్బులు, పళ్ళపొడులు, సిమెంటు బస్తాలు, ఏదైనా సరే మూడంతస్తుల గోడ మీదికి ఎక్కించేవాడట. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. నలభై దాటాక చదివి డ్రాయింగు పరీక్ష పాసయ్యాడు. ఎడమ మోకాలు సరిగా వంగదు, ఎప్పుడో నిచ్చెన మీంచి పడ్డాడట. ఈ ఉద్యోగం నిలవకపోతే ఆయన మళ్ళీ నిచ్చెన ఎక్కాలి. ఆ మోకాలితో ఎక్కలేడు, ఎక్కినా రాయడానికి గోడల్లేవు. ఇదంతా క్లర్కు చెప్పాడు. జాలి పడమని చెప్పినట్టుంది. అడక్కుండా జాలికథ చెప్తున్నాడంటే దీని వెనక ఏదో ఉందనుకున్నాను.

ఏడో తరగతి. ముప్పై ఆరు మంది. ఆయన లోపలికి వచ్చి, బోర్డు మీద "పాప్ ఆర్ట్" అని రాసి, "మీ జేబుల్లో, సంచుల్లో ఉన్న పనికిరాని వస్తువొకటి తీసి బల్ల మీద పెట్టండి" అన్నాడు. చాక్లెట్ కాగితాలు, అరిగిపోయిన రబ్బర్లు, పెన్ను మూతలు, బస్సు టికెట్లు బయటికొచ్చాయి. ఏడో తరగతిలో నిషేధించిన వస్తువులు కూడా మూడు వచ్చాయి. నేను నోట్ చేసుకున్నాను.

"పెద్ద పెద్ద చిత్రకారులు రాజుల బొమ్మలు, కొండలు, చెట్లు వేసేవాళ్ళు. కొంతమందికి విసుగొచ్చింది. దుకాణంలో ఉండే డబ్బాని ఎందుకు వెయ్యకూడదు అనుకున్నారు. రోజూ చూస్తాం కాబట్టి దాన్ని ఎవరూ చూడరు. దాన్ని చూసేలా వెయ్యడమే ఈ ఆట" అన్నాడు. "ఇప్పుడు మీ వస్తువుని ఒకే కాగితం మీద నాలుగుసార్లు వెయ్యండి. రంగులు మీ ఇష్టం. ఒక్కటే రూలు, దాని అసలు రంగు వాడకూడదు."

ఊదా రంగు రబ్బర్లు, నీలం బస్సు టికెట్లు. క్లాసంతా కేరింతలు. పిల్లలు కేరింతలు కొడుతుంటే అక్కడ పాఠం జరగడం లేదని నా అనుభవం. రిపోర్టు పుస్తకంలో "క్రమశిక్షణ తక్కువ" అని రాశాను.

మరో వారం శబ్దాల బొమ్మలు. బడిలో వినపడే శబ్దాన్ని అక్షరాల్లోనే బొమ్మగా వెయ్యాలి. గంటకి "ఠణ్" అని పసుపు రంగు ముళ్ళతో వేశారు. మంచినీళ్ళ కుళాయికి "టప్ టప్". ఒకడు కాగితం నిండా నల్లగా "ఊఁ" అని వేసి చుట్టూ మెరుపులు పెట్టాడు. ఇదేం శబ్దమని మాస్టారు అడిగితే వాడు వెనక్కి తిరిగి నన్ను చూసి, గబుక్కున తల దించుకున్నాడు. మాస్టారు నవ్వు ఆపుకోవడానికి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అది కూడా రాశాను.

ఆ తర్వాతి వారం నాకు తుంటి నొప్పి వచ్చి నాలుగు రోజులు సెలవు పెట్టాను. తిరిగొచ్చేసరికి ఏడో తరగతి మారిపోయింది. గుసగుసలు. నేను వెళ్తే ఆగిపోవడం. లెక్కల పుస్తకాల్లో చిన్న చిన్న చదరపు చీటీలు. ఒకటే సైజు, ఒక్కోదాని మీద ఏవో గీతలు, సగం అక్షరాలు, వెనక అంకెలు.

ఆ క్లాసులో ఒక పిల్ల ఉంది. ఏది చెప్పినా "ఎందుకు" అంటుందని అందరూ "ఎందుకమ్మ" అని పిలుస్తారు. దాని చేతిలోంచి ఒక చీటీ లాక్కున్నాను.

"ఎవరిచ్చారిది?"

"డ్రాయింగ్ మాస్టారు, టీచర్."

"దేనికి?"

"చెప్పకూడదన్నారు, టీచర్. మంగళవారం తర్వాత చెప్పొచ్చన్నారు."

మంగళవారం మా లెక్కల యూనిట్ పరీక్ష. చీటీని టేబుల్ సొరుగులో పడేశాను కానీ నా మనసులోంచి అది పోలేదు.

ఇక్కడ నా పెంపుడు లెక్క గురించి చెప్పాలి. ఒక చతురస్రం భుజాన్ని మూడు రెట్లు పెంచితే వైశాల్యం ఎన్ని రెట్లవుతుంది? ఇరవై రెండేళ్ళుగా ప్రతి ఏడో తరగతికీ ఇది ఇస్తున్నాను. ప్రతి ఏడాదీ క్లాసంతా "మూడు రెట్లు" అని రాస్తుంది. ఒకరో ఇద్దరో తొమ్మిది అని రాస్తే గొప్ప. పేపరు దిద్దాక బోర్డు మీద గళ్ళు గీసి చూపిస్తాను, తలలూపుతారు, వార్షిక పరీక్షలో మళ్ళీ మూడే రాస్తారు. ఆ లెక్క ఇవ్వడంలో నాకొక సరదా ఉండేది. ఎలుకల బోను పెట్టినవాళ్ళకి తెల్లారి లేవగానే ఉండే సరదా లాంటిది.

మంగళవారం పరీక్ష పెట్టాను. బుధవారం పేపర్లు దిద్దాను. మొదటి పేపరులో తొమ్మిది. రెండోదాంట్లో తొమ్మిది. పదో పేపరుకి ఎర్ర పెన్ను పక్కన పెట్టి మిగతావన్నీ తిరగేశాను. ముప్పై ఆరు మందిలో ముప్పై నాలుగు మంది తొమ్మిది రాశారు. పదకొండో నంబరు, ఇరవై తొమ్మిదో నంబరు మాత్రం మూడు రాశారు.

సొరుగు తీసి ఆ చీటీ బయటికి తీశాను. వెనక పెన్సిలుతో "17" అని ఉంది. ఎందుకమ్మ రోల్ నంబరు. దాని కింద "3 — 9" అని ఉంది.

నిప్పు లేనిదే పొగ రాదు. నాకు నిప్పు కూడా దొరికింది. క్లర్కుని అడిగాను. నా ప్రశ్నపత్రం జిరాక్స్ తీస్తున్న రోజు ఎవరైనా ఆఫీసు గదిలోకి వచ్చారా అని. "డ్రాయింగు మాస్టారు వచ్చారండీ. ఒకవైపు ఖాళీగా ఉన్న చిత్తు కాగితాలు కావాలన్నారు, ఇచ్చాను" అన్నాడు. ఇంకేం కావాలి.

క్లాసులోకి వెళ్ళి పదకొండో నంబరునీ ఇరవై తొమ్మిదో నంబరునీ లేపి నిలబెట్టాను. "ఈ క్లాసులో నిజాయితీగా రాసింది వీళ్ళిద్దరే. మిగతా వాళ్ళు దొంగలు" అన్నాను. అలా అంటున్నప్పుడు నాకు చాలా తృప్తిగా ఉంది. ఆ ఇద్దరూ తలెత్తలేదు. సిగ్గరి పిల్లలనుకున్నాను.

కాపీ జరిగిందని రాసిచ్చాను. గురువారం ఉదయం హెడ్మిస్ట్రెస్ గారి గదిలో విచారణ. ఆయన నిలబడే ఉన్నాడు, కుర్చీ చూపించినా కూర్చోలేదు. నేను చీటీ, పేపర్ల కట్ట, క్లర్కు మాట వరసగా ముందు పెట్టాను.

"ఈ చీటీ మీరిచ్చిందేనా?" అని హెడ్మిస్ట్రెస్ గారు అడిగారు.

"నేనిచ్చిందే మేడమ్."

"చెప్పొద్దని ఎందుకన్నారు?"

"చెప్తే ఆట పోతుందండీ. అది ఒక పెద్ద బొమ్మ. ముక్కలు చేసి తలా ఒకటి ఇచ్చాను. ఎవరి ముక్క వాళ్ళు పొడవూ వెడల్పూ మూడింతలు చేసి పెద్దగా వెయ్యాలి. పూర్తయి బడికి చూపించేదాకా అదేం బొమ్మో బయట ఎవరికీ తెలీకూడదు."

"మరి మూడు, తొమ్మిది ఏమిటి?" అన్నాను నేను.

"రంగు లెక్క టీచర్ గారూ. మూడింతల ముక్కకి తొమ్మిది ఇంకు ఫిల్లర్ల రంగు పడుతుంది. మా పనిలో అది మొదటి పాఠం. గోడకి రంగు తప్పు తెచ్చామంటే మధ్యాహ్నానికి నిచ్చెన మీదే ఆగిపోతాం."

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికొకడు. ఎంత చక్కగా అతికించాడు అనుకున్నాను, ఆ బొమ్మ ఏదీ అని అడగలేదు. నా ప్రశ్నకి సరిగ్గా అతికే జవాబు, అదీ పరీక్షకి ముందు వారమే, అదీ రంగు లెక్క. "ముప్పై నాలుగు మందికి ఒకేసారి జ్ఞానోదయం అవదు మేడమ్. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ అవలేదు" అన్నాను.

హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "శనివారం మళ్ళీ పరీక్ష పెట్టండి. దాన్ని బట్టి చూద్దాం. అప్పటిదాకా మాస్టారూ, మీరు క్లాసు తీసుకోవద్దు. తేడా వస్తే సోమవారం నుంచి రానక్కర్లేదు."

ఆయన "సరే మేడమ్" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "పిల్లల్ని మాత్రం ఏమీ అనకండి, టీచర్ గారూ" అన్నాడు. అప్పటికే అనేశానని నేను చెప్పలేదు.

ఇంటికెళ్ళి అత్తగారితో చెప్పాను. ఆవిడ బటానీలు ఒలుస్తూ అంతా విన్నారు. "అందరూ కరెక్టుగా రాశారా?" అన్నారు.

"అదే కదత్తయ్యా చెప్తున్నాను."

"మరి నీ పాఠం బాగుందేమో."

"నా పాఠం ప్రతి ఏడూ బాగానే ఉంటుంది. ఎవరికీ రాదు" అన్నాను. ఆవిడ ఒక బటానీ నోట్లో వేసుకున్నారు.

శనివారానికి ప్రశ్న ఎక్కడా రాయలేదు. ఎవరికీ చెప్పలేదు. మెట్లెక్కుతూ మనసులో అంకె మార్చుకున్నాను. మూడు రెట్లు కాదు, నాలుగు రెట్లు. క్లాసులో బల్లలు దూరం జరిపించి, సంచులు వరండాలో పెట్టించి, బోర్డు మీద నేనే రాశాను. పది నిమిషాలు. వాళ్ళ కళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూస్తూ నిలబడ్డాను. ఎటూ తిరగలేదు. వాళ్ళు నన్ను కూడా చూడలేదు. దొంగలన్నప్పటి నుంచి ఆ క్లాసు నాతో "గుడ్ మార్నింగ్" తప్ప మాట్లాడటం మానేసింది.

అక్కడే కూర్చుని దిద్దాను. ముప్పై నాలుగు పేపర్లలో పదహారు. రెండు పేపర్లలో నాలుగు. ఆ రెండూ మళ్ళీ పదకొండు, ఇరవై తొమ్మిది.

సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు ముందు వచ్చిన ఆలోచన, మెట్ల మీద నేను పైకి అనుకున్నానా అని. ఎవరైనా విన్నారా అని. మెట్ల కింద చీపురు పట్టుకున్న ఆయా ఉందని కూడా గుర్తు తెచ్చుకున్నాను. ఆయాకి నాలుగు నాల్గులు తెలుసా అని ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాను. అప్పుడు నా మీద నాకే భయం వేసింది.

"పదిహేడు, లే" అన్నాను. ఎందుకమ్మ లేచింది.

"పదహారు ఎలా వచ్చింది?"

"రంగు చాలదు టీచర్" అంది.

"ఏం రంగు?"

"చిన్న ముక్కకి ఒక ఫిల్లర్ పట్టింది. పెద్ద ముక్క మూడింతలు కదా, ఎన్ని ఫిల్లర్లు కావాలో ఒక్కసారే అడగండి అన్నారు మాస్టారు. మళ్ళీ ఇవ్వనన్నారు. అందరం మూడు అడిగాం. అయిపోయింది." తలుపు వైపు చూసి, "కావాలంటే చూపిస్తాను టీచర్" అంది.

డ్రాయింగు గది వరండా చివర ఉంది. ఆ పిల్ల వెనక నేను నడిచాను. తాళం లేదు. లోపల వెనక గోడ నిండా ఒక బొమ్మ ఉంది. బారెడు పొడవు, బారెడు వెడల్పు. మా బడిలో ప్రతి గదిలో ఉండే, నేను రోజుకి ఆరుసార్లు చెయ్యి పెట్టే చాక్‌పీసుల డబ్బా. చదరపు ముక్కలన్నీ పక్కపక్కన అంటించి ఉన్నాయి. దాదాపు ప్రతి ముక్కలోనూ పైన ఒక పట్టీ మాత్రమే రంగు ఉంది, గులాబీ, ఆకుపచ్చ, నారింజ. కిందదంతా తెలుపు. ఒక్కో ముక్కలో ఒక్కోచోట కుంచె ఎండిపోయి గీరిన గుర్తులున్నాయి. రంగు పడింది మూడింట ఒక వంతే. ఎవరూ కొలవక్కర్లేదు, కళ్ళకి కొట్టొచ్చినట్టు కనపడుతోంది.

"అప్పుడు ఒకటో నంబరు అబ్బాయి ఏడ్చాడు టీచర్, పాడైపోయిందని. మాస్టారు ఏమో ఇది కూడా బొమ్మే, అంటించండన్నారు. తర్వాత ఎన్ని ఫిల్లర్లు పడతాయో మీరే చెప్పండన్నారు. పెద్ద ముక్క మీద చిన్న ముక్కలు పరిచి చూసుకున్నాం. తొమ్మిది. మర్చిపోకూడదని చీటీ వెనక రాసుకున్నాం. మంగళవారం మళ్ళీ పూర్తిగా వేసి అందరికీ చూపిద్దామనుకున్నాం, పరీక్ష వల్ల కుదరలేదు."

బొమ్మలో రెండు ముక్కలు పూర్తిగా తెల్లగా ఉన్నాయి. పట్టీ కూడా లేదు.

"ఇవెవరివి?"

"పదకొండు, ఇరవై తొమ్మిది. వాళ్ళకి ఆ వారమంతా జ్వరం కదా టీచర్, రాలేదు."

నేను అక్కడున్న పొట్టి బల్ల మీద కూర్చున్నాను. దొంగల మధ్య నిజాయితీపరులని నేను నిలబెట్టిన ఇద్దరూ పాఠం వినని ఇద్దరు. అంతే. రుజువు నా కళ్ళముందు గోడకి అంటించి ఉంది. ఆ మనిషి హెడ్మిస్ట్రెస్ గారి గదిలో నిలబడి ఈ మాటే చెప్పాడు, ఉన్నదున్నట్టు చెప్పాడు. నేను విని, ఎంత బాగా అతికించాడో అనుకున్నాను.

హెడ్మిస్ట్రెస్ గారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆవిడ విని ఒక తెల్లకాగితం నా ముందుకి జరిపారు. "రాసివ్వండి. ఆరోపణ రాతలో ఇచ్చారు కదా, వెనక్కి తీసుకోవడం కూడా రాతలోనే ఉండాలి. కారణం రాయండి."

"పొరపాటు పడ్డానని రాస్తాను."

"ఏం పొరపాటు? స్కూలు కమిటీ వాళ్ళు అడుగుతారు. పిల్లలు సరైన జవాబు రాస్తే అది కాపీ అని మీరెందుకు అనుకున్నారు?"

పెన్ను మూత తీశాను. తుంటి నొప్పి అని రాయొచ్చు. చీటీలు అనుమానం కలిగించాయని రాయొచ్చు. అవి రాస్తే ఆయన మీద మచ్చ అలాగే ఉంటుంది, మూడో నెల చివర ఎవరో ఒకరు దాన్ని పైకి తీస్తారు. నేనైతే తీసేదాన్ని. అందుకని ఉన్నమాట రాశాను. ఇరవై రెండేళ్ళుగా నేను చెప్పిన పద్ధతిలో ఈ లెక్క పిల్లలకు రాలేదనీ, అందువల్ల ఇంకెవరు చెప్పినా రాదని అనుకున్నాననీ, డ్రాయింగు మాస్టారు ఒక్క పీరియడ్‌లో నేర్పారనీ, ఆయన్ని ఉంచాలనీ రాసి సంతకం పెట్టాను.

ఆవిడ రెండుసార్లు చదివారు. "ఇది ఫైల్లో ఉంటుంది" అన్నారు.

"ఉండనివ్వండి మేడమ్."

ఆయన స్టోరు గదిలో కుంచెలు కడిగి పాత బట్టలో చుట్టుకుంటున్నాడు, సోమవారం రానక్కర్లేదన్న మాటకి సిద్ధమై. చెప్పాను. క్షమించమన్నాను. కుంచెల చుట్ట విప్పలేదు, అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"నాకు చెప్పారు, సంతోషం. పిల్లలకి చెప్పారా?" అన్నాడు.

"సోమవారం చెప్తాను."

"రేపు ఆదివారం. ఇంకో రోజు దొంగల్లాగే ఉంటారు కదండీ."

ఆఖరి గంట కొట్టడానికి పది నిమిషాలుంది. మళ్ళీ మెట్లెక్కాను. ఏడో తరగతి సంచులు సర్దుకుంటోంది. నన్ను చూసి కూర్చున్నారు. నేను టేబుల్ ముందుకొచ్చి నిలబడ్డాను, వెనక నిలబడితే చెప్పలేనని.

"మీరెవరూ కాపీ కొట్టలేదు. దొంగలన్నాను, అది తప్పు. నాదే తప్పు. మీ మాస్టారు సోమవారం వస్తారు" అన్నాను.

చప్పట్లు కొడతారేమో అనుకున్నాను. కొట్టలేదు. పదకొండో నంబరు బల్ల కింద కాళ్ళు ఊపడం ఆపాడు. ఎందుకమ్మ చెయ్యెత్తింది.

"మేం తప్పు రాసుంటే మీకు అనుమానం వచ్చేది కాదా టీచర్?"

అబద్ధం చెప్పొచ్చు. ముప్పై ఆరు మంది చూస్తున్నారు.

"వచ్చేది కాదు" అన్నాను.

ఆ పిల్ల కూర్చోలేదు. మొహంలో కోపం లేదు, నిజంగానే అర్థం కాక అడుగుతోంది.

"అంటే మాకు రాదనుకునే రోజూ పాఠం చెప్తున్నారా టీచర్?"

"అవునమ్మా" అన్నాను. గంట కొట్టారు, ఎవరూ లేవలేదు, నేను పొమ్మనే దాకా అలాగే కూర్చుని ఉన్నారు.